గట్టు మీద చుక్క

మైపాడు రోడ్డులో పొద్దున్నే వెళ్తుంటే రొయ్యల గుంటలు కనపడకముందే వినపడతాయి. నీళ్ళలోకి గాలి కలిపే ఏరేటర్లు రాత్రింబగళ్ళు తిరుగుతూనే ఉంటాయి. ఆ చప్పుడు ఆగిపోయి, కరెంటు మాత్రం ఉందంటే, ఆ గుంటలో ఇక బతికించుకోవలసింది ఏమీ లేదని అర్థం.

రొయ్యల మేత, మందులు, ఏరేటర్లు అమ్మే కంపెనీలో నేను ఈ ప్రాంతానికి మేనేజర్ని. మొదట్లో ఊరికొక సేల్స్ మనిషి ఉండేవాడు. అన్నీ అతనే అమ్మేవాడు. బండి రోడ్డు మీద ఆపి, రైతును అక్కడికే పిలిచి మాట్లాడేవాడు. గట్టు ఎక్కేవాడు కాదు. తెల్లమచ్చ రోగం ఒక గుంట బురద అంటిన కాళ్ళతో ఇంకో గుంటకు పోతుందని ఇక్కడ అందరికీ తెలుసు. అందుకే ప్రతి గట్టు మొదట్లో అడ్డంగా ఒక తాడు కట్టి ఉంటుంది. ఎంత దగ్గరి చుట్టమైనా పలకరింపు తాడుకు ఇవతలే. మా నాన్న గుంట రెండుసార్లు అలాగే పోయింది. కాబట్టి నాకు తెలియక చేశానని చెప్పుకోను.

హెడ్డాఫీసు నుంచి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఏ రైతు దగ్గరికి ఎవరు వెళ్ళారు, ఏం అమ్మారు, అంతా అందులో ఎక్కాలి. జట్లను అందులో సర్దే పని నాకు అప్పగించారు. ఊళ్ళ లెక్క తీసేసి మూడు జట్లు చేశాను: మేతకొకటి, మందులకొకటి, ఏరేటర్లకొకటి. మూడింటికీ వేరువేరు టార్గెట్లు. పై వాళ్ళు మెచ్చుకున్నారు. ఆ ఊపులో, ఎవరూ అడగని నిబంధన ఇంకొకటి పెట్టాను. ఫోను గుంట గట్టు మీద ఉంటేనే మ్యాపులో చుక్క పడుతుంది. చుక్క పడితేనే వెళ్ళినట్టు లెక్క. మావాళ్ళు టీ బంకుల్లో కూర్చుని దొంగ లెక్కలు రాస్తున్నారని నా అనుమానం.

మందుల జట్టులో వేసిన పాత మనిషి, నాకంటే పెద్దవాడు, మీటింగులోనే నవ్వాడు.

"ఏంది సార్ ఇది? ఒకే పిల్లని చూసేదానికి మూడిళ్ళ పెళ్ళివారు ఒకేరోజు దిగినట్టుంది మన యవ్వారం."

"నవ్వులాట చాలన్నా. చుక్క పడాలి."

"రోడ్డు మీద నిలబడితే పడదు గదా సార్."

"అయితే గట్టెక్కు."

అతను నా మొహంలోకి చూశాడు. మా నాన్న సంగతి అతనికీ తెలుసు.

చలి మొదలయ్యాక ఒక రైతు ఫోన్ చేస్తే వెళ్ళాను. ఏరేటర్లు ఆగి ఉన్నాయి. తెల్లవారుతూనే రొయ్యలన్నీ ఒడ్డుకు చేరి ఉన్నాయి. నేను వంగి చూసినా కదల్లేదు. గట్టంతా కాకులు, ఒక్కటీ అరవడం లేదు. మోకాలిలోతు బురదలో దిగి ఒక రొయ్యను తీసి చూశాను. పెంకు మీద తెల్లమచ్చలు.

కారులో కూర్చుని మ్యాపు తెరిచాను. మేత ఆర్డర్లు ఉన్నట్టుండి ఆగిపోయిన గుంటలు చూశాను. తర్వాత మావాళ్ళ చుక్కలు చూశాను. మావాళ్ళు ఏ వరసలో వెళ్ళారో గుంటలు అదే వరసలో పోయాయి. నేను వేసిన దారిలోనే, మా మనుషుల వెనకాలే, కనపడని మనిషి ఒకడు తాపీగా నడుస్తున్నట్టుంది. ఆ వరసలో తర్వాతిది, మేమంతా అక్క అని పిలిచే ఒకామె గుంట. అక్కడికి ఆ రోజు వెళ్ళాల్సింది మందుల జట్టులోని ఆ పాత మనిషి.

అక్క ఒకప్పుడు షెడ్డులో కూలికి రొయ్యలు ఒలిచేది. గుంట కౌలుకు తీసుకుంది. పోయిన పంట దెబ్బతింది. "ఈసారి గూడా పోయిందంటే మళ్ళీ షెడ్డులో ఒలుపుడే సార్" అని నవ్వుతూనే అనేది. ఆమె ఏరేటర్లలో ఒకదానికి రెక్క విరిగి టక్, టక్ అని కొట్టుకునేది. ఆ గుంటకు అదే గుర్తు.

అతను ఫోన్ ఎత్తలేదు. నేను వెళ్ళేసరికి మంచు ఇంకా విడవలేదు. అతని బండి రోడ్డు పక్కన ఉంది, మనిషి లేడు. తాడుకు అవతల, గట్టు మధ్యలో ఎవరో నిలబడి ఉన్నారు.

"అన్నా, దిగు! దిగిపో!"

ఆ ఆకారం కదల్లేదు. నీళ్ళవైపే చూస్తోంది. తాడు దాటి పరిగెత్తాను. దగ్గరికి పోతే పక్షుల్ని బెదరించడానికి కర్రకు తొడిగిన చొక్కా. మా కంపెనీ చొక్కానే, మేము పంచినదే.

"సార్! గట్టెక్కబాకండి సార్!"

వెనక్కి తిరిగాను. రోడ్డుకు అటుపక్క బంకు నుంచి అతనూ అక్కా పరుగున వస్తున్నారు. అక్క చేతిలో కవరు, కవరులో అతని ఫోను.

"మీ చుక్క కోసం ఫోన్లు నేనే గట్టు మీదికి తీసకపోయి తెస్తాను సార్. ముగ్గురివీ. మనుషుల్ని ఎవుర్నీ రానీలా," అంది అక్క. మాట సగంలో ఆగింది. ఆమె నా కాళ్ళవైపు చూసింది.

నేనూ చూసుకున్నాను. చచ్చిన గుంట బురద మోకాళ్ళ దాకా ఉంది. తాడు దగ్గర నుంచి నా అడుగులు వరసగా, తడిగా కనపడుతున్నాయి. నా జేబులో ఫోను మోగింది. చుక్క పడిందని.

అడుగులు పడిన చోటల్లా సున్నం చల్లాం. ఆఫీసుకు రాసి జట్లన్నీ రద్దు చేశాను. ఊరికొక మనిషి పద్ధతి మళ్ళీ పెట్టాను. ఆ తర్వాత రోజూ పొద్దున రోడ్డు మీద దూరంగా కారు ఆపి, అద్దం దించి వినేవాణ్ణి. టక్, టక్. ఒక పొద్దున వినపడలేదు. కరెంటు ఉందేమోనని బంకువైపు చూశాను. బల్బు వెలుగుతోంది.

అక్కను తర్వాత షెడ్డులో చూశాను. చేతులు ఐసు నీళ్ళలో ఉన్నాయి.

"కాకి తెచ్చుండొచ్చు సార్," అంది, నేనేమీ అడగకముందే. తల ఎత్తలేదు.

తెచ్చుండొచ్చు. మ్యాపులో మాత్రం ఆ గుంట గట్టు మీద బయటి మనిషి అడుగుతో పడిన చుక్క ఒక్కటే, నాది. తీసేసే అధికారం నాకుంది. తీయలేదు.