పట్టాలు లేని వీధుల్లో ఇలీదియో

ఇలీదియోకి లిస్బన్ నగరం ముప్ఫై ఒక్క ఏళ్ళుగా తెలుసు. అంటే ఇరవై ఎనిమిదో నెంబరు ట్రాము వెళ్ళినంత మేరా తెలుసు. పట్టాలకి ఇటు రెండు గజాలు, అటు రెండు గజాలు. ఆపైన ఉన్న ఊరంతా ఆయనకి ఎవరో చెప్పగా విన్నదే. మా ఊళ్ళో ట్రాము నడిపేవాణ్ణి డ్రైవరనరు, బ్రేకు కాపలాదారు అంటారు. కొండ ఎక్కించడం కరెంటు చూసుకుంటుంది, దిగేటప్పుడు ఆపడమే మనిషి పని అని కాబోలు. ఇలీదియో ఆ మాటని మనసా వాచా నమ్మిన మనిషి. ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఒక పావురాన్ని తప్ప ఎవరినీ గుద్దలేదు. ఆ పావురం గురించి కూడా పై అధికారికి కాగితం రాసిచ్చాడు.

ట్రాములో ఆయన తలకి పైన ఒక ఇత్తడి రేకు ఉండేది. బండి నడిపేవారితో మాట్లాడరాదు అని దానిమీద రాసి ఉంటుంది. ఊళ్ళోవాళ్ళందరూ సరిగ్గా ఆ రేకు కిందే నిలబడి తమ మోకాళ్ళ నొప్పులూ, కోడళ్ళ సంగతులూ చెప్పుకుంటారు. తోటి డ్రైవర్లు ఊఁ కొడుతూ కాలక్షేపం చేస్తారు. ఇలీదియో మాత్రం నోరు మెదిపేవాడు కాదు. రాసి ఉంది కదా అనేవాడు.

సావో విసెంటె స్టాపులో పొద్దున్న ఏడూ యాభైకి ఒకావిడ ఎక్కేది. నల్ల కోటు, చేతిలో కుట్టుపని సంచి, ఎడమ భుజం కాస్త కిందకి. ఆయన వెనక రెండో సీట్లో కూర్చునేది. ఎక్కినవాళ్ళు కూర్చున్నారో లేదో అద్దంలో చూసుకోవడం డ్యూటీయే కనక ఇలీదియో చూసేవాడు. ఆవిడ గడ్డం కొద్దిగా పైకెత్తేది. ఈయన టోపీ అంచు ముట్టుకునేవాడు. పధ్నాలుగేళ్ళపాటు ఇద్దరి మధ్యా నడిచిన సంభాషణ అంతే. పేరు కూడా తెలీదు.

తొమ్మిదేళ్ళ కిందట ఇలీదియో భార్య ఒదేత్ పోయింది. నాలుగో రోజుకల్లా నల్ల టై కట్టుకుని డ్యూటీకొచ్చేశాడు. ఆ పొద్దున్న ఆవిడ వెనక తలుపు నుంచి దిగకుండా ముందుకొచ్చి, బ్రేకు పిడి పక్కన ఒక నారింజపండు పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా దిగి వెళ్ళిపోయింది. ఇలీదియో తర్వాతి స్టాపు దాకా బండి పోనిచ్చి, అక్కడ ఆపి, ఏడ్చాడు. బండి మూడు నిమిషాలు లేటయింది. కారణం రాయవలసిన చోట పట్టాల మీద అడ్డు అని రాశాడు. ఉద్యోగంలో ఆయన రాసిన అబద్ధం అదొక్కటే. ఆవిడకి చల్లగా ఉండమని ఒక్క మాట చెప్పాలని ఆ రోజు నుంచీ అనుకుంటూనే ఉన్నాడు, రోజూ తల మీద రేకుని చూసుకుని ఊరుకుంటూనే ఉన్నాడు.

ఈ ఏడు ఫిబ్రవరిలో ఆవిడ ఎక్కడం మానేసింది. ఇలీదియో ఆ స్టాపులో రోజూ నలభై సెకన్లు ఎక్కువ ఆపాడు. మూడు వారాలయ్యాక సంజాయిషీ అడుగుతూ మెమో వచ్చింది. మార్చి ఆఖర్లో రిటైరయ్యాడు. కేకు కోశారు, శాలువా లాంటిదేదో ఇచ్చారు, టోపీ మాత్రం ఆయనే అడిగి తీసుకున్నాడు. మర్నాడు పొద్దున్న ఏడూ యాభైకి ఆ టోపీ పెట్టుకుని, బూట్లు తుడుచుకుని, ఒక నోటుపుస్తకం జేబులో పెట్టుకుని బయల్దేరాడు. ఆవిడ బతికి ఉందో లేదో తెలుసుకోవాలి. ఆయన రిటైర్మెంటు జీవితానికి ఉన్న ప్రణాళిక అదే.

మొదటి వారం ఆయన పట్టాల పక్కనే నడిచాడు. ప్రతి స్టాపులోనూ కాసేపు ఆగాడు. మలుపులకి ముందే నెమ్మదించాడు. ఒక రోజు వెనకనుంచి ట్రాము గంట కొడుతూ వచ్చింది. నడుపుతున్నది ఫౌస్తినో, ఆయన దగ్గర పని నేర్చుకున్నవాడే.

"ఏం గురువుగారూ, టికెట్టుకి చిల్లర లేదా? ఎక్కండి, ఎవరికీ చెప్పన్లే!"

"నడుస్తున్నాను."

"ఎక్కడికో?"

"తెలీదు."

ఫౌస్తినో నవ్వాలో జాలిపడాలో తెలియక మరో రెండుసార్లు గంట కొట్టి వెళ్ళిపోయాడు.

రెండో వారంలో ఇలీదియో పట్టాలు దాటి సావో విసెంటె పక్క మెట్లెక్కాడు. ఆవిడ ఆ మెట్ల మీదనుంచే దిగి వచ్చేది. మెట్ల పైన సందు, సందులోంచి ఇంకో సందు, దానికి మళ్ళీ మెట్లు. తలకి తగిలేటట్టు ఆరేసిన దుప్పట్లు. ఒక మూల తిరిగేసరికి హఠాత్తుగా కిందంతా నది. ఈ ఊళ్ళో ఇంత నది ఉందని అరవై ఆరేళ్ళ వయసులో చూసి ఆయన నొచ్చుకున్నాడు, తనకెవరూ చెప్పలేదన్నట్టు. చూసిన ప్రతి సందు పేరూ పుస్తకంలో రాసుకున్నాడు. ప్రతి ఇంటి ముందూ ఆగి, తలెత్తి, కిటికీలు లెక్కపెట్టి, అదీ రాసుకున్నాడు.

అక్కడే తప్పు జరిగింది.

మా కొండ మీది జనం డాక్టరు దగ్గర నిజం చెప్తారు, ఫాదరు దగ్గర సగం చెప్తారు. శుభ్రమైన బూట్లేసుకుని, పుస్తకం పట్టుకుని, ఫలానా ముసలావిడ ఏ అంతస్తులో అద్దెకుంటుందని అడిగేవాడి దగ్గర మాత్రం ముక్క నిజం చెప్పరు. రెండేళ్ళలో ఈ సందులోనే మూడిళ్ళు ఖాళీ చేయించి పర్యాటకులకి గదులు చేశారు. ఖాళీ చేయించే ముందు ఇలాంటివాడే ఒకడొచ్చి కిటికీలు లెక్కపెడతాడు.

సందు మొదట్లో కింది అంతస్తు కిటికీ దెవొలిందాది. పొద్దున్న ఆరింటికి మోచేతుల కింద దిండు వేసుకుని కిటికీలో వాలితే మళ్ళీ మధ్యాహ్నం సూపు కోసమే లేస్తుంది. ఇలీదియో ఆమె ముందు టోపీ తీశాడు.

"అమ్మా, కుట్టుపని చేసే ఒకావిడ... నల్ల కోటు... ఎడమ భుజం కాస్త ఇలా..."

"పేరేంటి?"

"తెలీదండి."

"నీకేమవుతుంది?"

ఇలీదియో టోపీని చేతిలో అటూ ఇటూ తిప్పాడు. ఎంత ఆలోచించినా ఒకటే మాట దొరికింది.

"ప్రయాణికురాలు."

దెవొలిందాకి అరికాలి మంట నెత్తికెక్కింది. అయినా తేనె పూసినట్టు మాట్లాడింది. "అయ్యో, ఆవిడా! అలా పైకెళ్ళు నాయనా. పంపు దగ్గర కుడికి తిరిగి, మెట్లు దిగి, రొట్టెల కొట్టు దాటాక ఎవర్నడిగినా చెప్తారు."

ఆమె చెప్పినదంతా రాసుకుని ఆయన బయల్దేరాడు. పంపు దగ్గర ఇంకో కిటికీ ఇంకో వైపు పంపింది. రొట్టెల కొట్టువాడు నది ఒడ్డుకి పంపాడు. నది ఒడ్డున చేపలమ్మే ఆమె, సంగతేమీ తెలియకపోయినా, అడిగే తీరు చూసి పక్క కొండకి పంపింది. ఏప్రిల్, మే రెండు నెలలూ ఇలీదియో కాళ్ళరిగేలా తిరిగాడు. ఎవరిమీదా అనుమానపడలేదు. ఊరు చాలా పెద్దదనీ, జనం ఎంతో సాయం చేస్తున్నారనీ అనుకున్నాడు. ఆ రెండు నెలల్లో ఆయన చూసినంత లిస్బన్ ఇక్కడ పుట్టినవాళ్ళలో నూటికి తొంభై మంది చూసి ఉండరు. మధ్యాహ్నం ఏ గుమ్మం మీదో కూర్చుని రొట్టే, జున్నూ తినేవాడు. సాయంత్రానికి తిరిగి సావో విసెంటె మెట్ల దగ్గరే తేలేవాడు.

ఆవిడ పేరు జుల్మీరా. దెవొలిందా కిటికీకి సరిగ్గా ఎదురింట్లో, మూడో అంతస్తులో ఉంటుంది. ఫిబ్రవరిలో వానకి తడిసిన మెట్ల మీద జారి మోకాలు విరగ్గొట్టుకుంది. ఏప్రిల్ నాటికి కర్ర పట్టుకుని దిగగలిగింది. దిగిన రెండో రోజే దెవొలిందా కింద నుంచి కేకేసింది. "జుల్మీరక్కా, రాకు! వాడొచ్చాడు! నీ కోసమే అడుగుతున్నాడు!" జుల్మీరా సగం మెట్ల నుంచే వెనక్కి తిరిగింది. పైకెక్కి గడియ పెట్టుకుంది. ఇల్లు ఖాళీ చేయమని అప్పటికే ఆమెకి రెండు ఉత్తరాలొచ్చి ఉన్నాయి. అప్పట్నుంచి తాడు కట్టిన బుట్ట కిందకి వదిలితే సందువాళ్ళు రొట్టే, బంగాళాదుంపలూ వేసి పంపుతున్నారు. రోజూ కిటికీ రెక్క సందులోంచి ఆ టోపీ పైభాగం మాత్రం అటూ ఇటూ పోవడం చూసేది. చూసి ముందు గదిలోంచి లోపలి గదిలోకి పోయేది. ఆమె బాగోగులు కనుక్కోవాలని తిరుగుతున్న మనిషి వల్లే ఆమె ఎనిమిది వారాలు గడప దాటలేదు. ఇలీదియోకి ఇదంతా తెలిసి ఉంటే అక్కడే కూలబడేవాడు.

జూన్ మొదటి వారంలో నిజంగానే కూలబడ్డాడు. సందులో సార్డీన్ చేపలు కాలుస్తున్నారు. పొగలో నడుచుకుంటూ వచ్చి జుల్మీరా ఇంటి మెట్టు మీదే కూర్చుని, ఎడమ బూటు విప్పి పాదం పట్టుకున్నాడు. దెవొలిందా ఇక ఉండబట్టలేకపోయింది.

"ఏమయ్యా, నీకు సిగ్గు లేదా? ఒంటరి ఆడదాన్ని రోడ్డున పడెయ్యడానికి ఎంతిస్తారేంటి నీకు?"

"నాకు పింఛనొస్తుందండి."

"ఇంటి ఓనరు పంపలేదా నిన్ను?"

"ఏ ఓనరు? నేను ట్రాము నడిపేవాణ్ణి. ఆవిడ ఫిబ్రవరి నుంచి ఎక్కట్లేదు."

"ఎక్కకపోతే నీకేం?"

"ఏం లేదు. ఉన్నారో లేదోనని."

చేపలు తిప్పుతున్నవాళ్ళు తిప్పడం మానేశారు. దెవొలిందా తలెత్తి మూడో అంతస్తు కేసి చూసింది. అప్పుడు మూడో అంతస్తు కిటికీ రెక్క ధడాల్న తెరుచుకుంది.

"అంతా నాటకం! నమ్మొద్దు వాణ్ణి! పోయి చెప్పుకో మీవాళ్ళకి, నేనెక్కడికీ పోను, ఇక్కణ్ణించి నా శవమే లేవాలి!"

పధ్నాలుగేళ్ళలో ఆమె గొంతు ఆయన వినడం అదే మొదలు. ఇలీదియో ఒక కాలికి బూటుతో లేచి నిలబడ్డాడు. మనిషి బతికే ఉంది, తిట్టేంత బాగా ఉంది. ఆయనకి చెప్పలేనంత సంతోషమేసింది. చల్లగా ఉండమని చెప్పబోయాడు, నోటికి వేరే మాటొచ్చింది.

"బాగున్నారాండీ?" అన్నాడు.

"నీవల్ల బాగాలేను! ట్రాము నడిపేవాడివా నువ్వు? ఏ నెంబరు?"

"ఇరవై ఎనిమిది. ఏడూ యాభై."

జుల్మీరా కిటికీలోంచి ముందుకి వంగి ఆయన మొహాన్ని ఎగాదిగా చూసింది. ఆ మొహం ఎప్పుడూ చూసినట్టు లేదు. సరిగ్గా చూసి ఉండదు కూడా. ఎక్కేటప్పుడు అందరూ మెట్టు చూసుకుంటారు, కూర్చున్నాక ఆమెకి కనిపించేది వెనకవైపే, అద్దంలో అయితే టోపీ అంచే.

"టోపీ పెట్టుకో."

పెట్టుకున్నాడు.

"వెనక్కి తిరుగు."

ఇలీదియో వీపు తిప్పి నిలబడ్డాడు. సందంతా చూస్తోంది. చేపలు మాడుతున్న వాసన వస్తున్నా ఎవరూ కదల్లేదు.

"జుట్టు పెరిగిపోయిందే మీకు," అంది జుల్మీరా. గొంతు మారిపోయింది. "నెలలో మొదటి సోమవారం కత్తిరించుకుని వచ్చేవారు కదండీ. మానేశారేం?"

ఇలీదియో జవాబు చెప్పబోయాడు. ముందు చెయ్యే టోపీ అంచుకి పోయింది.

"ఉండండి. వస్తున్నా."

కిటికీ మూసిన చప్పుడయింది. గడియ తీసిన చప్పుడయింది. తర్వాత లోపల మెట్ల మీద కర్ర ఒకసారి, కాలు ఒకసారి. మూడంతస్తులు, అరవై మెట్లు. దెవొలిందా కిటికీలోంచి గుసగుసగా, "తిరగవయ్యా, వచ్చేస్తోంది," అంది. ఇలీదియో తిరగలేదు. ఆవిడ దిగేదాకా అలాగే వీపు పెట్టి నిలబడ్డాడు.