తట్టి నేర్పిన మాట

ఈ పరాయి దేశంలో మేముండే పాయింట్ కుక్ నుంచి గుడికి బస్సులో వెళ్తున్నాం. ఆ రోజు అందరి ముందూ స్తోత్రం చెప్పాల్సిన మా అమ్మాయికి "కమలదళాయతాక్షీ" దగ్గర నోరు తిరగడం లేదు. "ఐ కాంట్, అమ్మా" అంటూ ఏడుపు మొహం పెట్టింది.

అది నాలుగు మాటలు కలిసిన పదమని నేను చెబితే, ఎదురు సీటులోని పెద్దావిడ నవ్వింది. "మాది నార్వే. మేమూ ఇలాగే మాటలు అతికించేస్తాం. బార్నె-హాగె, పిల్లల తోట. అంటే చిన్నపిల్లల బడి" అంటూ ఒళ్లో సంచి మీద మొదటి ముక్కకు గట్టిగా, రెండోదానికి మెల్లగా తట్టింది. చిన్నప్పుడు బడికెళ్లని నాకు మా నాన్నగారు పీట మీద ఇలాగే తట్టి మాటలు నేర్పారు! పాప కూడా కమల, దళ, ఆయత, అక్షీ అని తట్టి, ఒక్క ఊపిరిలో కలిపి చెప్పేసింది.

గుళ్లో ఎక్కడా తడబడలేదు. బస్సులో కలిసిన ఆవిడ పేరు మీద కూడా అర్చన చేయించబోతే పూజారిగారు పేరు, గోత్రం అడిగారు. నేను ఆవిడను ఆ రెండూ అడగనే లేదు.

"నార్వే ఆంటీ అనండి" అన్నాను.

ఆయన నవ్వి, అలాగే చదివారు.