తంబూరాని మింగిన నల్ల పెట్టె

జ్ఞానాంబకి యాభై ఎనిమిదేళ్ళు. అందులో ముప్పై అయిదేళ్ళు విజయనగరంలో పిల్లలకి గాత్రం నేర్పడంలోనే గడిచిపోయాయి. ఆవిడ చెవి మామూలు చెవి కాదు. వీధిలో పాలవాడి బండి హారన్ మోగితే "నాలుగున్నర శృతి" అంటుంది. కుక్కర్ కూత వేస్తే "కాస్త తగ్గింది, వాషర్ మార్చాలి" అంటుంది. ఇంత చెవి ఉన్న మనిషికి బతుకులో ఒకే ఒక్క లోటు. ఎనిమిదో ఏట ఒకానొక మధ్యాహ్నం తను నిద్రపోయిందా లేదా అన్నది తేలలేదు.

నవ్వకండి, అది చిన్న సంగతి కాదు. ఆవిడ మేనత్త సుభద్రమ్మ గొప్ప గాయని. కచేరీలకి పోలేదు, ఇంట్లోనే పాడేది, ఇంట్లోనే నేర్పేది. ఆవిడ పాట ఈ లోకంలో మిగిలింది ఒక్క క్యాసెట్‌లోనే. చుట్టాలెవరో టేప్ రికార్డర్ తెచ్చిన రోజున సావేరి రాగంలో ఒక కీర్తన పాడింది, ముప్పావుగంట. పక్కనే ఆనుకుని కూర్చుని తంబూరా మీటింది ఎనిమిదేళ్ళ జ్ఞానాంబ. చివరిదాకా మీటానని ఆవిడ మాట. సగంలోనే నిద్రపోయిందని అక్క దుర్గాభవాని మాట.

యాభై ఏళ్ళుగా ఏ పెళ్ళికి వెళ్ళినా, ఏ పేరంటానికి వెళ్ళినా దుర్గాభవాని పదిమందిని పోగేసి ఆ కథ చెప్పేది. ఆఖర్న గురక కూడా పెట్టి చూపించేది. జనం పడీ పడీ నవ్వేవారు. జ్ఞానాంబ కూడా నవ్వేది గానీ లోపల కలుక్కుమనేది. అత్త ఆ రోజు తంబూరా ఇచ్చింది అక్కకి కాదు, తనకి. ఇచ్చిన పని చేసిందా లేదా? క్యాసెట్ ఎన్నిసార్లు వేసినా పాట వినిపించేది, టేపు బుస్సుమనే మోత వినిపించేది, తంబూరా మాత్రం తేలేది కాదు.

ఆవిడ దగ్గర చిన్నప్పుడు పాఠం చెప్పించుకున్న ఉమాశంకర్ ఇప్పుడు ఎచ్చెర్ల యూనివర్సిటీలో ఎలక్ట్రానిక్స్ ల్యాబ్ చూస్తుంటాడు. నలభై దాటినా ఆవిడ ముందు చేతులు కట్టుకునే నిలబడతాడు. అతను ఆ క్యాసెట్ పట్టుకెళ్ళి, మోత తగ్గించి, పాటని ల్యాప్‌టాప్‌లోకి ఎక్కించి ఇచ్చాడు. శిష్యులందరూ కలిసి ఒక పెద్ద హెడ్‌ఫోన్ కొనిచ్చారు. తీరా ల్యాప్‌టాప్‌కి తగిలిస్తే అందులోంచి పాట పక్కింట్లోంచి వచ్చినట్టు వచ్చింది.

"ల్యాప్‌టాప్ బలం దీనికి చాలదు టీచర్‌గారూ," అన్నాడు ఉమాశంకర్.

"ఏటి కావాలి మరి?"

"ఫైల్లో ఉండేవి ఉత్త అంకెలండి. వాటిని పాటగా మార్చేదాన్ని డాక్ అంటారు. ఆ పాటకి బలమిచ్చి హెడ్‌ఫోన్‌లోకి తోసేది యాంప్. రెండూ కలిపి ఒకే పెట్టెలో వస్తాయి."

"అంటే పుస్తకంలో స్వరాలున్నాయి, పాడ్డానికి గొంతు కావాలి, గొంతుకి ఊపిరి కావాలి. అంతేనా?"

"అంతేనండి. అంతకన్నా బాగా నేనూ చెప్పలేను."

ఆదివారం అతను తెలిసినవాళ్ళ దగ్గర్నించి రెండు పెట్టెలు తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఒకటి వెండిరంగుది, బరువైంది, ముందర కొబ్బరిచిప్పంత గుండ్రటి బొత్తాం. రెండోది నల్లది, టిఫిన్ బాక్సంత ఉంటుంది, చూడ్డానికి ఏమీ లేదు. వారం రోజులు విని నచ్చింది ఉంచుకోమన్నాడు. ఒకే పాట, ఒకే సౌండు మీద, రెండింట్లోనూ మార్చి మార్చి వినమన్నాడు. తొందరపడొద్దని మరీ మరీ చెప్పి ఎచ్చెర్ల బస్సెక్కాడు.

తొందరపడకపోవడం జ్ఞానాంబ వల్ల అవుతుందా? అతను వీధి మలుపు తిరిగేలోగా వెండి పెట్టె తగిలించింది. ల్యాప్‌టాప్‌కి చార్జర్ పెట్టింది, హెడ్‌ఫోన్ చెవులకి పెట్టుకుంది, పాట నొక్కింది.

అత్త గొంతు ఎదురుగా కూర్చుని పాడినట్టు వచ్చింది. అది సరే. దాని కింద, సన్నగా, ఎక్కడా తెగకుండా, షడ్జమం! దాని పక్కనే పంచమం! అత్త పాడేది ఐదు శృతికి గోరంత పైన. ఈ నాదం కూడా సరిగ్గా ఐదుకి గోరంత పైన. మీటిన చప్పుడు వినిపించట్లేదు గానీ పాత టేపు కదా, మీటు అరిగిపోయి ఉంటుంది. ముప్పావుగంటా బిగబట్టుకుని కూర్చుంది. నాదం ఆఖరి నిమిషం దాకా ఆగలేదు. ఆవిడ హెడ్‌ఫోన్ తీసి ఇల్లంతా ఒక చుట్టు తిరిగి వచ్చింది. ఆ వయసులో గెంతకూడదు గానీ, గెంతింది.

నల్ల పెట్టెకి రెండు నిమిషాలు ఇచ్చింది. అత్త గొంతు ఉంది, చుట్టూ అంతా నిశ్శబ్దం.

"ఇది తంబూరాని మింగేసింది!" అని తీర్పు చెప్పి, దాన్ని తీసుకెళ్ళి బియ్యం డబ్బా పక్కన పెట్టింది.

ఆ వారమంతా ఆవిడ కాలు నేల మీద నిలవలేదు. పాఠానికొచ్చిన పిల్లల తల్లులకి వినిపించింది. పాలవాడి చెవులకి కూడా తగిలించింది. ఆఖరికి శృంగవరపుకోటలో ఉన్న అక్కకి ఫోన్ చేసి "రావే, నీ గురక కథకి సంచయనం చేద్దాం," అంది. దుర్గాభవాని మర్నాడు పొద్దున్నే పనసతొనల సంచీతో దిగింది.

"సెప్పు, ఎక్కడున్నాది నీ తంబూరా?"

ఉన్నది ఒక్కటే హెడ్‌ఫోన్. ఇద్దరూ తలా తలా ఆనించి చెరో చెవికి పెట్టుకున్నారు. పాట మొదలయింది. రెండు నిమిషాలకి దుర్గాభవాని మొహం మారింది.

"నిజమేనే. మోగతన్నాది."

"యాభై ఏళ్ళే అక్కా! యాభై ఏళ్ళు నా పరువు తీశావు!"

"తప్పయిపోయిందిలే. ముందు ఆ టేబుల్ ఫ్యాన్ ఎయ్యవే, ఉక్కకి సచ్చిపోతన్నాను."

గోడకున్న బోర్డులో రెండే ప్లగ్గులు. ఒకదాంట్లో వెండి పెట్టె, ఒకదాంట్లో ల్యాప్‌టాప్ చార్జర్. బల్ల పక్కనే కదా అని జ్ఞానాంబ తల కదపకుండా చెయ్యి చాపి, ఫ్యాన్‌కని చార్జర్ పీకింది. తంబూరా ఠక్కున ఆగిపోయింది. అత్త పాడుతూనే ఉంది.

"అదిగో, పడుకున్నావు!" అని అరిచింది దుర్గాభవాని.

జ్ఞానాంబ చార్జర్ మళ్ళీ పెట్టింది. తంబూరా మోగింది.

"లేచావు!"

పీకింది.

"మళ్ళీ పడుకున్నావు!"

పెట్టింది. ఈసారి పాటనే ఆపేసింది. అత్త గొంతు ఆగింది, తంబూరా ఆగలేదు. పాడేవాళ్ళు లేకుండా, టేపు లేకుండా, కరెంటు తన పాటికి తను సా-పా-సా అంటూ మోగుతోంది. ఇద్దరూ ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు. దుర్గాభవాని ముందు నవ్వింది. ఆ నవ్వు ఆగక, పనసతొన గొంతుకడ్డం పడి, వీపు మీద చరిపించుకుని మరీ నవ్వింది. కుక్కర్ కూతకి శృతి చెప్పే మనిషి వారం రోజులు చార్జర్‌కి దణ్ణం పెట్టిందని తలుచుకుని జ్ఞానాంబ కూడా కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

ఫోన్ చేస్తే ఉమాశంకర్ భయం భయంగా చెప్పాడు. "అది కరెంటు హమ్మింగండి. ఆ పెట్టెకీ మీ చార్జర్‌కీ పడట్లేదు. నల్లదాంట్లో రాదండి."

నవ్వు తగ్గాక జ్ఞానాంబకి నీరసం వచ్చింది. మళ్ళీ మొదటికే వచ్చింది. ఇప్పుడు నల్ల పెట్టెలో వింటే నిజమే తేలుతుంది, అది అక్క పక్షాన తేలితే ఇంక ఎప్పటికీ అంతే. ఈ వారం ఉన్నంత సంతోషంగా ఎప్పుడూ లేదు. వినకపోతే ఏం పోయింది అనిపించింది.

"వద్దంటే మానేద్దాంలే," అంది అక్క, మెల్లగా.

"లేదు. వినాల్సిందే."

బియ్యం డబ్బా పక్కనున్న నల్ల పెట్టె వచ్చి బల్ల మీద కూర్చుంది. మళ్ళీ తలా తలా ఆనించారు. మొదట నిశ్శబ్దమే. గట్టిగా మోగేదాని కోసం వెతకడం మానేశాక, నాలుగో నిమిషంలో దొరికింది. చాలా సన్నగా, అసలు సిసలు తంబూరా, మీటు మీటుకీ చిన్న వేలి చప్పుడుతో సహా. ఎనిమిదేళ్ళ వేలు! జ్ఞానాంబ అక్క చెయ్యి గట్టిగా పట్టుకుంది.

పది నిమిషాలు సాగింది. ఇరవై సాగింది. పాట చరణంలోకి వచ్చింది. అక్కడ తంబూరా ఒక తీగ తప్పింది, మళ్ళీ అందుకుంది, రెండు తీగలు తప్పింది. తర్వాత లేదు.

అత్త స్వరం మధ్యలో, ఊపిరి తీసుకునే చోట, పెదవి కదిపీ కదపనట్టు, ఇన్నాళ్ళూ టేపు మోతా కరెంటు మోతా మింగేసిన మాట ఒకటి అంది:

"దుర్గా, ఆ తంబూరా మెల్లగా తియ్యే. పిల్ల నిద్దరోయింది. లేపకు. నా ఒళ్ళో పడుకోనీ. నాకు శృతి ఉన్నాదిలే."

ఆ తర్వాత చరణమంతా గొంతు సగానికి తగ్గించి పాడింది.

దుర్గాభవాని హెడ్‌ఫోన్ వదిలేసి చెల్లెలి వైపు తిరిగింది. "నువ్వు పడుకోడమే గుర్తుందే నాకు. ఈ మాట గుర్తే లేదు."

జ్ఞానాంబ ఓడిపోయింది. ఓడిపోయినందుకు ఏడవాలో, ఒళ్ళో పడుకున్నందుకు గెంతాలో ఆవిడకి తెలియలేదు. రెండూ ఒకేసారి చేసింది.

"అక్కా, ఆ చరణం అక్కడ గొంతు తగ్గించాలని ముప్పై అయిదేళ్ళుగా పిల్లలకి నేర్పుతన్నానే. మా అత్త బాణీ అని, భావం అని, పెద్ద పెద్ద మాటలు సెప్పేను."

"నీ గురకేనేటి భావం?" అని అక్క మళ్ళీ మొదలుపెట్టింది.

వెండి పెట్టె వెనక్కి పోయింది, నల్లది ఉండిపోయింది. మంగళవారం సాయంత్రం పాఠంలో పిల్లలు సావేరి అందుకున్నారు. చరణం దగ్గర కొత్తగా చేరిన రాగసుధ చెయ్యెత్తింది.

"టీచర్, ఇక్కడ తగ్గించి పాడాలా, మామూలుగానా?"

"తగ్గించే పాడండి," అంది జ్ఞానాంబ. "పిల్ల నిద్దరోయింది."