పుట్టకొక్కుల రాధమ్మ కొడుకు

చిన్నరాములు మా ఇంట్లో ఏనాడూ కూర్చోలేదు. కుర్చీ వేస్తే కాలితో కాస్త పక్కకు జరిపి నిలబడేవాడు. ఒక వానాకాలమంతా అలా నిలబడే చదువుకున్నాడు. చదివినంతసేపూ నా మీద కోపం అతని ముఖంలోంచి దిగలేదు. ఆ కోపానికి కారణం నేనే కనుక అతని గురించి రాయవలసినవాణ్ని కూడా నేనే.

మా ఫేజ్ టూ లేఅవుట్ భానూరు అవతల ఉంది. ఇరవై నాలుగేళ్ల వయసులో తెనాలి నుంచి ప్లాంటు ఉద్యోగానికి వచ్చి, డ్రాయింగు సెక్షన్‌లో రిటైరై, ఇక్కడే ఇల్లు కట్టుకున్నాను. ఈ నేలలో ఒక చెక్క చిన్నరాములు తండ్రి సత్తయ్యది. అమ్మేశాక సత్తయ్య ఎక్కువకాలం బతకలేదు. కొడుకు మందుల ఫ్యాక్టరీలో కాంట్రాక్టు మనిషిగా చేరి పెద్ద పెద్ద డ్రమ్ములు కడుగుతుండేవాడు. నలభై ఆరేళ్లకే అతని అరచేతుల మీద చర్మం పొరలుగా ఊడేది. తల్లి రాధమ్మ మాత్రం తొలకరి పడగానే బుట్టలో మోదుగాకులు పరిచి, రుద్రారం బస్టాపు దగ్గర పుట్టకొక్కులు అమ్మేది. పుట్టల మీద మొలిచే తెల్లటి పుట్టగొడుగుల్ని ఇక్కడి వాళ్లు అలా అంటారు.

ఒక ఆగస్టులో నా భార్య నాగరత్నం ఆమె దగ్గర కొని వండింది. ఆమె, మనవరాలు తనుశ్రీ తిన్నారు. ఆ వాసన నాకు పడదు, నేను తినలేదు. రెండు గంటల్లో ఇద్దరికీ వాంతులు మొదలయ్యాయి. తొమ్మిదేళ్ల పిల్ల కళ్లు తేలేసింది. రెండు రోజులు ఆసుపత్రిలో ఉండి ఇద్దరూ బయటపడ్డారు. మూడో రోజు నేను బస్టాపుకు వెళ్లాను.

"విషం అమ్ముతావా ముసలిదానా? పసిపిల్ల చచ్చిపోతే ఎవరు దిక్కు?" అన్నాను.

"యాభై ఏండ్ల సంది అమ్ముతున్న సారు. ఎవలకు కడుపునొప్పి గూడ రాలే" అంది రాధమ్మ.

బుట్టను తన్నాను. కొక్కులు రోడ్డు మీద దొర్లాయి. హాస్టలు పిల్లలెవరో ఫోన్‌లో తీశారు. సాయంత్రానికల్లా ఆ వీడియో చుట్టుపక్కల గ్రూపులన్నింటికీ పాకింది. దాని కింద ఎవరో 'విషం ముసలమ్మ' అని రాశారు. ఆ పేరే నిలబడిపోయింది.

మరుసటి ఏడాది జూన్‌లో తొలి వాన పడిన మూడో రోజు చిన్నరాములు మా గేటు తోసుకుని వచ్చాడు.

"రాజారావంటే నువ్వేనా?"

"నేనే. మీరెవరు?"

"నువ్వు తన్నిన బుట్ట మా అమ్మది. పొద్దుగాల బస్టాపుకాడ కూసుంటనంటె పక్కన ఆడోళ్లు లేపి ఎల్లగొట్టిండ్రు. నీ పక్కన కూసుంటె మాయి గూడ ఎవలు కొనరు, దూరం పో అన్నరు."

నాగరత్నం లోపలి నుంచి వచ్చింది. "మా పిల్ల ప్రాణం మీదికి వచ్చింది నాయనా. మేం సరదాకి అన్నామా?"

"నీతోని కాదమ్మ, సారుతోని మాట్లాడుతున్న." అతను నా వైపే చూస్తున్నాడు. "మస్తు పుస్తకాలు సదువుతవంట. మా అమ్మ అమ్మింది విషపుదని ఏ పుస్తకంల ఉన్నది? సూపియ్యి. సూపియ్యకుంటె గదే బస్టాపుకాడ, గదే వీడియో తీసుడు, నువ్వు మా అమ్మ కాళ్లు మొక్కుడు."

నా దగ్గర గోడ నిండా పుస్తకాలున్నాయి. పుట్టగొడుగుల మీద ఒక్కటీ లేదు. నేనన్న మాట ఏ పుస్తకంలోదీ కాదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలిసింది. పది రోజులు గడువు అడిగాను.

"వానలు ఆగినంక సూపిస్తవా? వారం" అని వెళ్లిపోయాడు.

మొదట తెప్పించిన పుస్తకం నున్నటి కాగితం మీద అచ్చయిన విదేశీ పుస్తకం. బొమ్మలన్నీ మంచు కొండల్లో, సూదులాంటి ఆకులున్న చెట్ల కింద మొలిచినవి. చిన్నరాములు రెండు పేజీలు తిప్పి మూసేశాడు.

"గీ చెట్లు ఏడున్నయి? మీ తెనాలిల ఉన్నయా?"

అతని ఫోన్‌లో ఒక యాప్ ఉంది. కొక్కు ఫొటో తీస్తే పేరు చెబుతుందట. పైనుంచి తీస్తే తినవచ్చు అంది. అదే కొక్కును పక్క నుంచి తీస్తే ఇంకో పేరు చెప్పింది. ఫోన్ జేబులో పెట్టుకుని నా మీదే విసుక్కున్నాడు, ఆ యాప్ నేనే చేసినట్టు.

సంగారెడ్డి కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పే కృష్ణప్రియ నా పాత సహోద్యోగి కూతురు. ఆమెను అడిగాను. "బొమ్మలు చూసి పుస్తకం కొనకండి బాబాయ్. ఎవరు రాశారో, ఏ నేల మీద తిరిగి రాశారో చూడండి. మంచిదాని పక్కనే దాన్ని పోలిన చెడ్డది చూపించిందా, లేదా అని చూడండి. తెలియని చోట తెలియదని చెప్పిన పుస్తకాన్ని నమ్మండి" అంది. తాను క్లాసులో వాడే దాన్నే పంపించింది. మన దక్కను నేలల మీద తిరిగిన ముగ్గురు రాసిన ఇంగ్లీషు పుస్తకం. అట్ట వెలిసిపోయింది, బొమ్మలు చిన్నవి. ప్రతి రకానికీ కాడ, అడుగు, గొడుగు కింది రేకులు, వాటి నుంచి రాలే పొడి రంగు వరసగా ఉన్నాయి. కొన్నిచోట్ల 'తినదగినదో కాదో మాకు తెలియదు' అని కూడా ఉంది.

నేను ఇంగ్లీషులో చదివి తెలుగులో చెప్పేవాణ్ని. అతను చేతులు కట్టుకుని వినేవాడు.

"నీ సొంతం కలపకు. అండ్ల ఉన్నదే చెప్పు."

"ఉన్నదే చెబుతున్నాను."

"గంత పొడుగున్నది, గింతనే చెప్పినవు. మళ్ల సదువు."

పసుపు వేసి ఉడికిస్తే విషం తెలుస్తుందన్నది నిజం కాదని చదివాను. వెండి నల్లబడితేనే విషమన్నదీ, పురుగు తిన్నది మనిషికీ మంచిదన్నదీ నిజం కావని చదివాను.

"మా అమ్మ వెండి కడియం ఏసే ఉడకబెడ్తది."

"దానివల్ల ఏమీ తెలియదని రాశారు."

"రాసినోడు మా అమ్మ వండింది తిన్నడా?"

తరువాతి వారం నైట్ షిఫ్టు దిగి, పొద్దున్నే సంచితో వచ్చాడు. ఊరి బయట పశువులు మేసే గైరాను భూమిలో పుట్ట దగ్గర కొక్కులు తవ్వి తెచ్చాడట. గునపంతో జానెడు లోతు తవ్వినా కాడ ఇంకా కిందికి వేరులా పోతూనే ఉందన్నాడు. కాడ చుట్టూ ఉంగరంలాంటి పొర లేదు. గొడుగు నడుమ చిన్న మొన ఉంది. పుస్తకం చెప్పినట్టు ఒక గొడుగును రేకులు కిందికి వచ్చేలా తెల్ల కాగితం మీద పెట్టి గిన్నె బోర్లించాం. మరునాడు తీస్తే కాగితం మీద లేత గులాబీ రంగు పొడి, రేకుల గీతలతో సహా రాలి ఉంది.

అతను మొదటిసారి నవ్వాడు. మంచి నవ్వు కాదు. "సూసినవా? పుట్టకొక్కు. మా అమ్మ అమ్మేది గిదే. ఇగ బస్టాపుకు ఎప్పుడొస్తవు?"

వస్తానన్నాను. నిజంగానే వెళ్లేవాణ్ని. కానీ నోరు ఊరుకోలేదు.

"ఆ రోజు ఆమె కోసింది కూడా ఈ పుట్ట దగ్గరేనా?"

అతను కాగితం మడవడం ఆపాడు. "ఏడ కోస్తదో ఎవలకు చెప్పది. నాకు గూడ చెప్పది."

ఆ కాగితం అక్కడే పడేసి వెళ్లిపోయాడు. నాలుగు రోజులు రాలేదు. ఐదో రోజు తెల్లవారి తల్లి వెనకాలే నడిచాడట. ఆమె ఊరు దాటి, రోడ్డు దాటి, మా లేఅవుట్ గోడ సందులోంచి లోపలికి వచ్చి, మేము పొద్దున నడిచే పార్కులో మూలన వంగిందట. అమ్మకం లేకపోయినా కాలు అటే పోయింది. ఒకప్పుడు ఆ మూల సత్తయ్య పొలం గట్టు. అక్కడ మనిషెత్తు పుట్ట ఉండేది. ఆ ఆగస్టుకు ముందటి వేసవిలో మేము దాన్ని జేసీబీతో చదును చేయించి, లారీ మట్టి పోయించి, పచ్చిక పరిపించాం.

అక్కడివి నాలుగు తెచ్చి మా వరండా మెట్టు మీద పెట్టాడు. తెల్లగా, నిండుగా, ముచ్చటగా ఉన్నాయి. లేతవాటి రేకులు కూడా తెల్లగానే ఉన్నాయి. అయితే గొడుగు మీద గోధుమరంగు పెచ్చులున్నాయి. కాడకు ఉంగరం ఉంది. అడుగు ఉల్లిగడ్డలా ఉబ్బి పచ్చికలోనే ఆగిపోయింది. అతనూ చూశాడు. ముదురుదాన్ని కాగితం మీద పెట్టి గిన్నె బోర్లించాడు.

మరునాడు గిన్నె తీస్తే పొడి ఆకుపచ్చగా ఉంది.

"బూజు" అన్నాడు.

"కావచ్చు. మళ్లీ పెడదాం."

మూడుసార్లు పెట్టాడు. మూడుసార్లూ పాచి రంగే. పుస్తకంలో ఆ పేజీ అతనికి అప్పటికే కంఠతా వచ్చు. పచ్చిక మైదానాల్లో మొలుస్తుంది, మంచిదనుకుని పొరబడతారు, తిన్న రెండు మూడు గంటల్లో తీవ్రమైన వాంతులు, విరేచనాలు.

"నేనెవరికీ చెప్పను, రాములూ" అన్నాను.

"నువ్వు చెప్పకుంటె అబద్ధమైతదా? నీ దయ నీకాడనే ఉంచుకో." కాగితాలు మూడూ జేబులో పెట్టుకున్నాడు. "రా. నువ్వు అన్నది నిజమని నీ ముందటనే మా అమ్మకు చెప్త. ఎనకకెల్లి చెప్పే అలవాటు నాకు లేదు."

రాధమ్మ ఇంటి ముందు చింతపండు గింజలు తీస్తోంది. నన్ను చూసి చేతులు ఆపలేదు.

"వీణ్నెందుకు తోలుకొచ్చినవు?"

అతను కాగితాలు ఆమె ముందు పరిచాడు, వరసగా అంతా చెప్పాడు. ఆమె వినీ విననట్టు విని, "గా పుట్ట నాకు తెల్వదా? మీ నాయిన నాగలి తగలనియ్యలే దానికి" అంది.

"అమ్మా, గాడ పుట్ట లేదే."

"జాగ ఉన్నది కదరా."

"జాగ సూసి కోస్తవా, కొక్కును సూసి కోస్తవా?"

"జాగ సూసే కోస్తరు. మా అత్త నాకు కొక్కును సూపియ్యలే, జాగ సూపిచ్చింది. ఆమెకు వాళ్ల అత్త సూపిచ్చింది. పరాయోళ్లకు చెప్పొద్దని ఒట్టేపిచ్చుకున్నది. గిప్పుడు నువ్వు కాయితం తెచ్చి గా జాగ తప్పంటున్నవా?"

"రంగు సూడు."

"రంగు ఎవడన్న పూస్తడు. సారే పూసిండేమో."

"నా చేత్తోని పెట్టిన అమ్మా. మూడుమాట్ల పెట్టిన."

ఆమె అప్పుడు తలెత్తి నన్ను చూసింది. "పిల్లకు నిజంగనే కక్కులైనయా సారు?"

"అయ్యాయమ్మా. రెండు రోజులు సెలైన్ ఎక్కించారు."

"నా బేరం చెడగొట్టనీకి అబద్ధం ఆడినవనుకున్న." కాసేపు గింజలు తీసింది. తర్వాత కొడుకుతో, నెమ్మదిగా, "నా మీద సాక్ష్యం జమచేసి, పగోణ్ని ఇంట్లకు తెచ్చినవు. ఇయ్యాలటి సంది నీ చేతి నీళ్లు నేను ముట్ట" అంది.

ముట్టలేదు. వెనక వసారాలో వేరే పొయ్యి పెట్టుకుంది.

పది రోజుల తర్వాత అతను ఒక తెల్లటి ప్లాస్టిక్ అట్ట, మార్కరు పెన్ను తెచ్చాడు. బస్టాపు దగ్గర అమ్మే మిగతా ఆడవాళ్లు కొక్కులు కోసే జాగలు కూడా లేఅవుట్లలో కలిశాయట. వాళ్లకూ, కొనేవాళ్లకూ తెలిసేలా తెలుగులో రాయమన్నాడు. ఉంగరం ఉన్నదీ, అడుగు ఉబ్బినదీ, పచ్చికలో మొలిచినదీ ముట్టవద్దని రాశాను. పొడి రంగు చూడటం ఎలాగో రాశాను. ఈ గుర్తులు లేనంత మాత్రాన మంచిదని కాదు, అనుమానం ఉంటే తినవద్దు అని రాశాను. పైన మొదటి వాక్యం, 'అమ్మేవారి అజ్ఞానం వల్ల ప్రమాదం జరిగింది' అని ఉంది. అతను దాన్ని వేలితో తుడిచేశాడు. సిరా ఆరలేదు, వేలు నల్లబడింది.

"మా అమ్మకు అజ్ఞానమా? గా పుట్ట ఉన్నన్ని దినాలు ఒక్కమాటన్న తప్పు కోసిందా?"

"మరేం రాయమంటారు?"

"రాధమ్మ అమ్మిందని రాయి. పేరుతోని రాయి. పేరు ఎట్లనన్న పాయె, నిజంతోనన్న పోనియ్యి. పుట్ట పోయినంక గదే జాగల కోసి మోసపోయిందని రాయి."

రాశాను. ఇద్దరమూ రుద్రారం తీసుకుపోయాం. గులాబీ పొడి కాగితాన్నీ, పచ్చ పొడి కాగితాన్నీ ప్లాస్టిక్ కవర్లో పెట్టి అట్టకు అంటించాడు. బుట్టల ముందున్న ఆడవాళ్లు గొణిగారు. ఒకామె అడిగేసింది. "ఏం రాములూ, మీ అమ్మ బేరం పోయింది సాలక మా కడుపుల మీద గూడ కొట్టొచ్చినవా?"

"పార్కులది ఏస్తె బుట్ట నేనే తంత" అన్నాడు.

అప్పుడే రాధమ్మ వచ్చింది. ఎవరు చెప్పారో మరి. వయసు మళ్లిన కాళ్లతో ఊరి నుంచి నడిచి వచ్చింది. కొడుకు వైపు చూడకుండా నా ముందు నిలబడింది.

"బుట్ట తన్నడం నా తప్పమ్మా" అన్నాను. చేతులు జోడించాను.

"తప్పు సంగతి అటెన్క. అండ్ల ఏం రాసినవో సదువు."

చదివాను. ఆమె పేరు వచ్చినప్పుడు ఆడవాళ్లంతా ఆమె ముఖం వైపు చూశారు. ఆమె కదల్లేదు. చివరిదాకా విని అడిగింది.

"నా పేరున్నది. పుట్టను తీపిచ్చినోళ్ల పేరు లేదేంది?"

చిన్నరాములు మార్కరు మూత తీసి నా చేతికిచ్చాడు. అట్ట అడుగున కొంచెం చోటు ఉంది. 'పుట్టను తీయించింది ఫేజ్ టూ లేఅవుట్ వాళ్లం' అని రాసి, కింద నా పేరు పెట్టాను. అతను ఒక్కొక్క అక్షరమే కూడబలుక్కుని తల్లికి వినిపించాడు. ఆమె విని, వచ్చిన దారినే వెళ్లిపోయింది. అతను అట్టను స్తంభానికి రెండు చోట్ల తీగతో బిగించి కట్టాడు. బీ షిఫ్టు బస్సు వస్తే ఎక్కి వెళ్లిపోయాడు.