సముద్రం పక్కన గుత్తచేను

నేను సముద్రాన్ని కళ్ళారా చూడలేదు. కానీ ఆరేళ్ళుగా సముద్రపు ఒడ్డున భూములు అద్దెకిస్తున్నాను, హిందూపురంలో మా ముందుగదిలో కిటికీ పక్కన కూర్చుని. ఆ దీవి ఏ పటంలోనూ లేదు, ఒక కంపెనీ కంప్యూటర్లలో ఉంది. ఎక్కడెక్కడి మనుషులో బొమ్మ రూపాల్లో అక్కడికి వస్తారు, నడుస్తారు, ఇళ్ళు కట్టుకుంటారు, ఒకరికొకరు కబుర్లు రాసుకుంటారు. నేను కంపెనీ దగ్గర దీవి మొత్తాన్ని తీసుకుని, ముక్కలు చేసి, ఒక్కో ముక్కా ఒక్కొక్కరికి ఇస్తాను. ఏం చేస్తావని వీధిలో అడిగితే "కంప్యూటర్ పని" అంటాను. అంతకంటే వివరంగా చెప్పబోయినప్పుడల్లా ఎదుటివాళ్ళు నన్ను జాలిగా చూశారు.

పొద్దున కొళాయి వచ్చే వేళకు నేను దీవిలో ఉంటాను. వీధిలో బిందెలు నిండే చప్పుడూ, తెరలోంచి వచ్చే అలల చప్పుడూ కలిసిపోయి, ఏది ఏదో కాసేపు తెలియదు. మాకు తెల్లవారేటప్పుడు అక్కడ పొద్దు గుంకుతూ ఉంటుంది. అలా పెట్టింది నేనే. ఇసుక మెల్లగా పసుపుపచ్చ నుంచి ఎర్రమన్ను రంగులోకి తిరుగుతుంది. ఎవరూ లేని ఒడ్డు వెంట నడుచుకుంటూ పోతాను. పొయ్యి మీద పాలు ఉన్నాయని గుర్తుండి కూడా లేవబుద్ధి కాదు.

ఈ పని నాకు చీరల వల్ల అబ్బింది. పెళ్ళికి ముందు పెనుకొండ నుంచి రోజూ రైల్లో ధర్మవరం పోయి, పట్టుచీరల అంచులు కంప్యూటర్లో గీసేదాన్ని. గడి గడికీ రంగు నింపుకుంటూ పోతే మామిడిపిందె వచ్చేది, హంస వచ్చేది. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పెనుకొండ కోటగోడలు కూడా గళ్ళుగళ్ళుగానే కనబడేవి. దీవి నేల కూడా గళ్ళే. నాలుగు గళ్ళు పైకి లాగితే దిబ్బ అవుతుంది, కిందికి నొక్కితే కుంట అవుతుంది.

అసలు పని అద్దెకిచ్చాక మొదలవుతుంది. ఒకాయన చెట్టు కొమ్మలు పక్కావిడ వరండాలోకి వచ్చాయని తగువు. ఇంకొకాయన ఆకాశమంత నల్ల బురుజు కట్టి, వెనకవాళ్ళకు సముద్రం కనబడకుండా చేశాడు. నాకసలే కోపం ముక్కు మీద ఉంటుంది. రెండు రోజులు గడువిచ్చి బురుజు పీకించాను.

మా నాయన ఇదంతా మొదట నమ్మలేదు.

"యాడుండాదమ్మా ఈ భూమి?" అని అడిగాడు.

"ఎక్కడా లేదు నాయనా."

"లేని భూమికి గుత్త కడతారా?"

"కడతారు."

"బోరేస్తే నీళ్ళు పడతాయా?" అన్నాడు, నవ్వు ఆపుకుంటూ.

కౌలును మా వైపు గుత్త అంటారు. ఆ మాట నాయనకు బాగా తెలుసు. పెనుకొండ నుంచి రొద్దం పోయే దోవలో మూడెకరాలు గుత్తకు తీసుకుని పదకొండేళ్ళు వేరుశనగ పండించాడు. పన్నెండో ఏట, పూల నుంచి ఊడలు భూమిలోకి దిగి కాయ ఊరుతుండగా ఆ భూమి చేతులు మారింది. కొన్నవాళ్ళు ప్లాట్లు వేయాలని యంత్రం తెచ్చి చేనంతా చదును చేశారు. ఇంకో నెల ఆగి ఉంటే పంట చేతికొచ్చేది. ఆ తర్వాత నాయన హిందూపురం వచ్చి మా దగ్గరే ఉండిపోయాడు. ఆ సంగతి ఆయన ఎత్తడు. మేమూ ఎత్తం.

దీవి చివర, నీళ్ళకు ఆనుకుని ఉన్న ముక్క ఒక పెద్దావిడది. ఆవిడది ఏదో చలిదేశం. కాళ్ళు పట్టు తప్పి కుర్చీలోనే ఉంటున్నానని, ఇక్కడికొస్తే నడుస్తున్నానని మొదట్లోనే మెసేజ్ పెట్టింది. చిన్న చెక్క ఇల్లు, వాకిట్లో మూడు పూలకుండీలు. వాకిట్లోంచి సముద్రంలోకి ఒక చెక్కదారి కడుతోంది, రోజుకొక పలక. బాగా లోపలికి పోయాక, చివర కుర్చీ వేసుకుని చుట్టూ నీళ్ళు చూస్తూ కూర్చోవాలని ఆవిడ ఆశ.

నాయన మనసు ఆ పలకల మీద పడింది. పొద్దున కాఫీ గ్లాసు పట్టుకుని నా పక్కన చేరేవాడు. "ఈ పొద్దు ఇంకోటి ఏసినాది చూడు," అనేవాడు. "ఆ మూడోది వంకరగా ఉండాది. చూసుకున్నట్ల లేదు ఆ యమ్మ," అని మురిపెంగా నవ్వేవాడు. అలా చూస్తూ చూస్తూ కాఫీ చల్లార్చుకునేవాడు. ఇద్దరం మాకు సంబంధం లేని ఆ నీళ్ళను చూస్తూ ఉండిపోయేవాళ్ళం.

నలభై ఒకటో పలక తర్వాత ఆవిడ రాలేదు.

ప్రతి ముక్కలోనూ అద్దె డబ్బా ఒకటి ఉంటుంది. గడువు దాటితే అది ఎర్రగా మారుతుంది. ఆపైన పది రోజులు చూసి ఖాళీ చేయించాలన్నది నేనే రాసిన నియమం. రెండుసార్లు మెసేజ్ పెట్టాను, జవాబు లేదు. ఇంతలో పక్క ముక్క మనిషి ఆ జాగా కూడా తనకే కావాలని రోజూ నా ప్రాణం తోడేశాడు.

"పైరు మీదుండే చేనమ్మా అది. ఆ యమ్మ వచ్చేదాకా ఆగు," అన్నాడు నాయన.

"చేనేంది నాయనా, ఒట్టి బొమ్మలు," అన్నాను విసుగ్గా.

పదకొండో రోజు మధ్యాహ్నం, నాయన అన్నం తిని లోపల నడుం వాల్చినప్పుడు, బటన్ నొక్కాను. ఇల్లు, కుండీలు, నలభై ఒక్క పలకలు రెప్పపాటులో పోయాయి. దుమ్ము కూడా లేవలేదు. ఇసుక, అలలు, అంతే.

నాయన ఎప్పుడు లేచాడో, వచ్చి నా వెనక నిలబడ్డాడు. చాలాసేపు తెర వైపు చూశాడు.

"వాళ్ళు గూడా మధ్యాహ్నమే వచ్చినారు," అన్నాడు. "నేను సంగటి తినేకి ఇంటికి పోయింటి."

తల ఎక్కడ పెట్టుకోవాలో నాకు తెలియలేదు. నాయన చేనును చదును చేసినవాళ్ళను ఇన్నేళ్ళూ మనసులో తిట్టుకున్నదాన్ని, కూర్చున్నచోటు నుంచి కదలకుండా అదే పని చేశాను. పక్క ముక్క మనిషికి జాగా ఇవ్వనని అప్పుడే రాసేశాను. కానీ అద్దెకున్నవాళ్ళవి ఒకసారి తీసేశాక తిరిగి పెట్టే బటన్ నాకు లేదు. తర్వాతి రోజుల్లో పొద్దున్నే ఆ ఖాళీ ఇసుక మీదికి పోయి ఊరికే నిలబడేదాన్ని. నాయన కాఫీ వంటింట్లోనే తాగేవాడు.

పన్నెండు రోజులకు ఆవిడ మెసేజ్ వచ్చింది. ఇన్నాళ్ళూ ఆసుపత్రిలో ఉందట. ఇంటికి చేరగానే ఒడ్డుకొచ్చి చూస్తే ఏమీ లేదట. "నేను వేరే చోటికి వచ్చానా?" అని అడిగింది. అది చదివి ఏడ్చాను. లేదు, చోటు అదే, తీసేసింది నేనే, క్షమించండి అని రాశాను.

తీసేసిన వస్తువులు నాశనం కావు, ఒక మూటగా ఎవరివి వాళ్ళకు చేరతాయి. అయితే చేతులు వణుకుతున్నాయని, మళ్ళీ పేర్చే ఓపిక లేదని ఆవిడ రాసింది. ఆ మూట నాకు పంపమని అడిగాను. పంపింది.

"నాయనా, ఒకసారి రా," అని పిలిచాను. "ఏది యాడుండేదో నాకు గుర్తులేదు."

వచ్చి కూర్చున్నాడు. ఆయనకు అన్నీ గుర్తున్నాయి. గడప ఎటు తిరిగి ఉండేదో, మూడు కుండీల్లో పొట్టిది ఏ పక్కన ఉండేదో చెబుతుంటే నేను పెట్టుకుంటూ పోయాను. మూడో పలకను తిన్నగా పెట్టబోతే నా భుజం తట్టాడు.

"వంకరగానే పెట్టు. ఆ యమ్మ అట్లనే పెట్టింది."

మర్నాడు ఆవిడ వచ్చింది. తెల్లజుట్టు బొమ్మ, నీలం గౌను. ఇంట్లోకి పోలేదు, నేరుగా పలకల మీదికి నడిచింది. మూడోదాని దగ్గర ఆగిపోయింది. "ఆ రోజు నా చెయ్యి జారింది. సరిచేద్దామనుకుంటూనే ఉన్నాను. ఇది మీకెలా గుర్తుంది?" అని రాసింది. నాయనకు తెలుగులో చదివి వినిపించాను.

"రోజూ చూస్తాంటి అని చెప్పు," అన్నాడు.

ఒక వారం గడిచాక, పొద్దున కాఫీ తాగుతూ నాయన నా వైపు చూడకుండా అడిగాడు.

"నాకూ ఆడ రవ్వంత జాగా ఇస్తావా, గుత్తకు?"

"ఎన్నాళ్ళకు నాయనా?"

"పంట చేతికొచ్చేదాకా."

పెద్దావిడ ఇంటి వెనక జాగా ఇచ్చాను. నేలకు మా ఎర్రమన్ను రంగు వేశాను. హంసలు గీసిన చేత్తో వేరుశనగ మొక్క గీశాను. కావాలంటే చేనంతా ఒక్క పూటలో పెంచేయొచ్చు. "అట్ల పెరిగితే అది పంటెట్లయితాది?" అన్నాడు నాయన. కాబట్టి వారం వారం ఆయన చెప్పినట్టు మార్చుకుంటూ పోయాను. మొదట రెండాకులు, తర్వాత కొమ్మలు, ఆ తర్వాత పసుపు పూలు. పెద్దావిడ తన పలకలు పూర్తిచేసుకుని, కుర్చీ కూడా వేసుకుంది. సముద్రం చూసి చూసి, తిరిగొచ్చేటప్పుడు మా గట్టు మీద కాసేపు నిలబడేది. ఊడలు దిగిన వారం, ఆయనకు చెప్పకుండా, ఎవరికీ కనబడని మట్టి లోపల ప్రతి మొక్కకూ కాయలు గీశాను.

విత్తిన నూట ఐదో రోజు పొద్దున నాయన స్నానం చేసి వచ్చి నా కుర్చీలో కూర్చున్నాడు. మౌస్ తన చేతిలోకి తీసుకున్నాడు. మొదటి మొక్కను పట్టి మెల్లగా పైకి లాగాడు. వేర్ల నిండా గుత్తులుగా కాయలతో అది బయటికొచ్చింది.

నాయన దాన్ని తెర మీద అటూ ఇటూ తిప్పి చూశాడు. మౌస్ వదిలేసి, రెండు అరచేతులూ పంచెకు గట్టిగా తుడుచుకున్నాడు. తర్వాత రెండో మొక్కను పట్టుకున్నాడు.