రెనాటో, మా తాత

కిల్కెన్నీ రైల్లో నా ఎదుట కూర్చున్న పెద్దాయన ఇటలీవాడు. క్లాండాల్కిన్‌లో చిప్స్ కొట్టు నడుపుతాడట. కోటుకి పట్టిన నూనె వాసన కూడా అదే చెప్పింది.

"నిన్న మనవడు పుట్టాడు. నెలలు నిండలేదు, కిల్కెన్నీ ఆసుపత్రిలో అద్దాలపెట్టెలో పెట్టారు," అన్నాడు.

"ఎలా ఉన్నాడండీ?"

"గ్రాండ్."

ఈ ఐరిష్ గడ్డ మీద బాగున్నా, బాగోకపోయినా అదే మాట.

"రెనాటో అని పెట్టింది మా అమ్మాయి. లాటిన్‌లో మళ్లీ పుట్టినవాడని అర్థం. మా వైపు ఒక బిడ్డ పోయాక పుట్టినవాడికి పెట్టేవాళ్లు. మొదటివాడు నిరుడు పోయాడు."

ఓదార్చడం నాకు చేతకాదు. జనాన్ని నవ్వించడానికి ఎప్పుడూ చెప్పే మా తాత సంగతే చెప్పాను. ఆయన అన్నలంతా పురిట్లోనే పోయారు. అందుకని ఆయన పుట్టగానే పెంటకుప్ప మీద పడుకోబెట్టి, తిరిగి తెచ్చుకుని పెంటయ్య అని పేరు పెట్టారు. చెత్తే కదా అని చావు వదిలేస్తుందని వాళ్ల నమ్మకం.

"వదిలేసిందా?"

"ఎనభై దాటేదాకా. చివరిరోజు దాకా అందరినీ తిడుతూనే ఉన్నాడు."

ఆయన నవ్వలేదు.

"మేమేమో పోయినవాడే మళ్లీ వచ్చాడని చావుకే చెబుతాం. మీరు నయం. ఏదీ, ఆ పేరు ఇంకోసారి చెప్పు."

చెప్పాను.

కిల్కెన్నీలో దిగుతుంటే ఆయన జేబులో ఫోన్ మోగింది. తియ్యలేదు. "పెంటయ్య, పెంటయ్య" అనుకుంటూ ఆసుపత్రి వైపు నడిచాడు.

ఆ తర్వాత మా తాత పేరు చెప్పి నేనెవరినీ నవ్వించలేదు.