తాళం తప్పిందెవరు

ప్లాంట్‌లో పనికని నేనొచ్చిన ఈ నేస్ అనే పరాయి ఊళ్ళో మా పక్కింటాయన ఇంగ్లండు మనిషి. ఎనభై దాటాయి. కుర్రతనంలో లండన్‌లో డ్రమ్స్ వాయించేవాడట. అప్పట్లో అమెరికా నుంచి ఒక నల్లజాతి పెద్దాయన వచ్చాడు. పియానో వాయిస్తూ బ్లూస్ పాడేవాడు. పల్లెటూరి బార్లలో మొదలుపెట్టి షికాగో దాకా వెళ్ళినా సొంత దేశంలో పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. లండన్ కుర్రాళ్ళేమో ఆయన్ని నెత్తిన పెట్టుకుని, తామే వెనక వాయిస్తూ ఒక రికార్డు చేశారు. వాళ్ళలో మా పక్కింటాయన ఒకడు.

మొన్న ఆదివారం నాలుగు గారెలు ఇచ్చొద్దామని వెళ్తే కూర్చోబెట్టాడు. పియానో ఆయన మనవరాలు ఆ రికార్డుని మళ్ళీ విడుదల చేయిస్తోందట. రికార్డింగు రోజు సంగతులు రాసి పంపమందట. ఈయన రాసింది చదివి వినిపించాడు. "ఆయన గొప్పవాడే గానీ ఆ రోజు తాగొచ్చాడు. ప్రతి చరణంలోనూ లెక్క తప్పాడు. మేమే ఎలాగో సర్దుకున్నాం."

అయ్యో రామా, తాత గురించి ఆ పిల్ల చదవాల్సిన మాటేనా ఇది?

తర్వాత రికార్డు పెట్టాడు. బ్లూస్ నాకు ఒక్క ముక్క అర్థం కాదు. కానీ చిన్నప్పుడు విజయవాడలో ఏడేళ్ళు సంగీతం నేర్చుకున్న పాపానికి, పాట వినపడితే చెయ్యి దానంతటదే తొడ మీదకి పోతుంది. ఒక్కో చరణానికీ నాలుగేసి దెబ్బల చొప్పున పన్నెండు వరసలుండాలని ఆయన చెప్పాడు. అంటే ఆది తాళంలో ఆరు ఆవర్తనాలు, నలభై ఎనిమిది. మొదటి చరణం నలభై ఆరుకే అయిపోయింది. నా ఖర్మ, నేనే తప్పాననుకున్నా. రెండోదీ నలభై ఆరే. మూడోదీ అంతే. బుర్ర తిరిగిపోయింది. తాగినవాడు ఒక్కోసారి ఒక్కోలా తప్పాలి కదా! ప్రతిసారీ సరిగ్గా రెండే ఎలా తగ్గుతాయి? డ్రమ్సేమో నలభై ఎనిమిది దాకా ఆగి ముక్తాయింపు వేస్తున్నాయి. ఈలోగా ఆయన తర్వాతి చరణం ఎత్తుకుంటున్నాడు.

చెప్పనా, మాననా? త్యాగరాజ కీర్తన రెండు నిమిషాలు తిన్నగా పాడలేని నేను ఈయనకి చెప్పడమా?

"ఏంటా లెక్క?" అన్నాడు నా చెయ్యి చూస్తూ.

"మళ్ళీ వెయ్యండి," అన్నాను.

నాలుగుసార్లు వేశాడు. నాలుగోసారి ఆయనా నాతోపాటు బల్ల మీద వేళ్ళతో లెక్కపెట్టాడు. నలభై ఆరు దగ్గర ఇద్దరం ఆగాం.

"ఆయన తాగలేదండీ. ఆ పాట కొలతే అంత," అన్నాను. 

పక్కింటాయన రికార్డు ఆపేశాడు. "ఆ రోజు స్టూడియోలో అందరి ముందూ అనేశాను, తాగొచ్చావని. ఆయన నాకు సారీ చెప్పాడు. తప్పు లేకపోతే సారీ ఎందుకు చెప్తాడు?"

నాకు కోపమొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఎవరి మీదో తెలియలేదు.

"మా ప్లాంట్‌లో నేనూ సారీ చెప్తుంటానండి," అన్నాను. "చెప్తే ఆ పూటకి పని సాగుతుంది."

 ఆయన తను రాసిందంతా అడ్డంగా కొట్టేశాడు. పెన్నూ కాగితమూ నా వైపు తోశాడు.

"నువ్వు రాయి. లెక్క తప్పింది నేను అని మొదలుపెట్టు."